మన పిల్లల కాలికి బంతి ఎన్నిసార్లు తగులుతోంది? భారత ఫుట్‌బాల్ అడగాల్సిన అసలు ప్రశ్న

2025 నవంబర్ 18న ఢాకాలో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ్ చేతిలో 0-1 తేడాతో ఓడిపోయింది. బంగ్లాదేశ్ మనపై గెలిచి అప్పటికి 22 ఏళ్లు. ఆ వెంటనే వచ్చిన ఫిఫా ర్యాంకింగ్స్‌లో భారత్ 142వ స్థానానికి పడిపోయింది. 2023 జులైలో ఇదే జట్టు 99వ స్థానంలో ఉంది.

నెల తిరగకుండానే, డిసెంబర్ 13న లియోనెల్ మెస్సి మన దేశానికి వచ్చారు. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో వేల రూపాయలు పోసి టికెట్లు కొన్న అభిమానులు, మెస్సి సరిగా కనిపించకుండానే వెళ్లిపోయారన్న కోపంతో కుర్చీలు విరగ్గొట్టి మైదానంలోకి విసిరారు. అదే రోజు సాయంత్రం హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో కార్యక్రమం సాఫీగా సాగింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా జెర్సీ వేసుకుని ఆయనతో కలిసి మైదానంలోకి దిగారు.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఈ దేశంలో ఫుట్‌బాల్‌పై అభిమానానికి కొదవ లేదు. దానికోసం జేబులో చెయ్యి పెట్టేవాళ్లూ ఉన్నారు. మరి లోపం ఎక్కడుంది? కోచ్, సమాఖ్య, లీగ్ అంటూ మనం సాధారణంగా పైనుంచి వెతుకుతాం. కానీ ఆరేళ్ల పిల్లాడికి వారంలో ఎన్నిసార్లు బంతి కాలికి తగులుతోందన్న ప్రశ్న దగ్గర మొదలుపెడితే, పైనున్న చాలా సమస్యలకు మూలం అక్కడ కనిపిస్తుంది.

కోచ్‌లు మారారు, ఆట మారలేదు

2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత్ మూడు మ్యాచ్‌లు ఆడింది. ఆస్ట్రేలియాతో 0-2, ఉజ్బెకిస్థాన్‌తో 0-3, సిరియాతో 0-1. ఆరు గోల్స్ ఇచ్చి, ఒక్కటీ కొట్టలేదు. ఆ ఏడాది జూన్‌లో కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తప్పించారు. తర్వాత వచ్చిన మనోలో మార్కెజ్ ఏడాది తిరిగేసరికి వెళ్లిపోయారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ బాధ్యతలు తీసుకున్నారు. ఆయన రాగానే మధ్య ఆసియా దేశాల నేషన్స్ కప్‌లో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి జట్టు మూడో స్థానం తెచ్చుకుంది. కాస్త ఊపిరి పీల్చుకునేలోపే అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడిపోయింది. 2027 ఆసియా కప్ తలుపులు అక్కడితో మూసుకుపోయాయి.

ఈ మధ్యలో మరో విచిత్రం జరిగింది. 2024 జూన్‌లో అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు పలికిన సునీల్ ఛెత్రిని 2025 మార్చిలో, 40 ఏళ్ల వయసులో మళ్లీ పిలవాల్సి వచ్చింది. తిరిగొచ్చిన తొలి మ్యాచ్‌లోనే మాల్దీవులపై ఆయన గోల్ కొట్టారు. అది ఛెత్రి గొప్పతనం. కానీ 140 కోట్ల జనాభా ఉన్న దేశానికి ఆయన వెనక ఇంకొకరు సిద్ధంగా లేరన్నది కూడా అందులోనే ఉంది.

ఢాకా ఓటమి తర్వాత మరో వాదన జోరందుకుంది. బంగ్లాదేశ్ ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన హంజా చౌదరిని తెచ్చుకుంది కదా, మనమూ విదేశాల్లోని భారత సంతతి ఆటగాళ్లను తెచ్చుకుంటే సరిపోతుంది అన్నది ఆ వాదన. చట్టపరమైన చిక్కులు తీరితే అందులో తప్పేమీ లేదు. అయితే హంజాకు ఆ ఆట ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా చూడాలి. చిన్న వయసులోనే లెస్టర్ సిటీ అకాడమీలో చేరి, అక్కడ బంతితో గడిపిన ఏళ్ల నుంచి వచ్చింది. విదేశాల్లో పెరిగిన ఆటగాణ్ని తెచ్చుకోవడమంటే, మనం ఇవ్వలేకపోయిన బాల్యాన్ని ఇంకో దేశం నుంచి అరువు తెచ్చుకోవడమే.

ఉజ్బెకిస్థాన్ ఉదాహరణ మరింత సూటిగా ఉంటుంది. దాని జనాభా నాలుగు కోట్లు కూడా లేదు. ఆ దేశం 2023లో అండర్-20 ఆసియా కప్, 2025లో అండర్-17 ఆసియా కప్ గెలిచింది. 2026 ప్రపంచకప్‌కు తొలిసారి అర్హత సాధించింది. కింది వయసుల్లో గెలిచిన దేశమే పైన కూడా ముందుకు వెళ్లింది.

బంతిని ఆపడం అంటే ఏమిటి?

టీవీలో చూసేవారికి గోల్, డ్రిబ్లింగ్ కనిపిస్తాయి. కోచ్‌లు మాత్రం మొదట చూసేది ఫస్ట్ టచ్. అంటే తన వైపు వస్తున్న బంతిని ఆటగాడు తొలిసారి తాకే తీరు. ఆ ఒక్క స్పర్శలో బంతి రెండడుగులు దూరం జరిగితే ప్రత్యర్థి మీదికి వచ్చేస్తాడు. ఇక పాస్ ఇవ్వడానికి సమయం ఉండదు. గాల్లోకి గట్టిగా తన్నేయడమే మిగులుతుంది. బంతి పోతుంది, జట్టంతా వెనక్కి పరుగు తీస్తుంది. ఇలా తొంభై నిమిషాలు జరిగితే ఎంత ఫిట్‌నెస్ ఉన్నా కాళ్లు సహకరించవు.

పాస్ కూడా అంతే. పాదం లోపలి వైపుతో బంతిని నెట్టడం ఏ పిల్లాడైనా గంటలో నేర్చుకుంటాడు. కష్టమైనది దాని చుట్టూ ఉన్నది. బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకోవాలి. ఒళ్లు సగం తిప్పి నిలబడాలి. దూరంగా ఉన్న కాలితో బంతిని అందుకోవాలి. అందుకునే సరికే అది ఎక్కడికి పోవాలో మనసులో తేలిపోయి ఉండాలి. నార్వే పరిశోధకుడు గేర్ జోర్డెట్ ప్రొఫెషనల్ ఆటగాళ్ల వీడియోలు పరిశీలించి చెప్పింది ఇదే. బంతి అందకముందు చుట్టూ ఎక్కువసార్లు చూసుకునేవారు పాస్‌లు ఎక్కువగా సరైన చోటికి పంపగలుగుతున్నారు.

అంటే బంతి నియంత్రణ, పాసింగ్ కాలి విద్యలు మాత్రమే కావు. కంటికీ, కాలికీ మధ్య కుదరాల్సిన పొత్తు అది. ఎదురుగా ఒకరు బంతి లాక్కోవడానికి వస్తుంటేనే అది అలవడుతుంది. ఖాళీ మైదానంలో శంకువుల చుట్టూ బంతి తిప్పితే కాలు అలవాటు పడుతుంది, కన్ను పడదు. పదహారేళ్లు దాటాక ఇది నేర్పడం అసాధ్యం కాదు కానీ చాలా కష్టం. భాష లాంటిదే ఇదీ. పెద్దయ్యాక నేర్చుకున్నవారు వ్యాకరణం తప్పకుండా మాట్లాడగలరేమో గానీ, యాస మాత్రం పట్టుబడదు.

ఒక పీరియడ్ లెక్క

మన బడుల్లో ఆటల పీరియడ్ ఎలా ఉంటుందో తెలిసిందే. నలభై మంది పిల్లలు, ఒక పీఈటీ, రెండు బంతులు. పిల్లలను రెండు వరసల్లో నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరితో పాస్ చేయిస్తారు. ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. ప్రతి ఐదు సెకన్లకు ఒక పాస్ చొప్పున ఒక వరసలో నిమిషానికి 12, రెండు వరసల్లో 24. అరగంటకు 720. నలభై మందికి పంచితే ఒక్కొక్కరికి 18. అరగంటలో 18 సార్లు బంతి తాకిన పిల్లాడు మిగతా సమయమంతా వరసలో నిలబడి ఉన్నాడు. ఆ పద్దెనిమిది సార్లూ కూడా ఎదురుగా ఎవరూ లేరు.

ఇప్పుడు అదే నలభై మందిని నాలుగు గుంపులుగా చేసి, గుంపుకొక బంతి ఇచ్చి, ఐదుగురితో ఐదుగురిని చిన్న స్థలంలో ఆడనిద్దాం. అక్కడ బంతి సగటున మూడు సెకన్లకోసారి ఎవరో ఒకరి కాలికి తగులుతుందనుకుంటే నిమిషానికి 20, నాలుగు బంతులకు 80, అరగంటకు 2,400. ఒక్కొక్కరికి 60. బంతులు రెండింతలయ్యాయి, కానీ బంతిని తాకిన సందర్భాలు మూడింతలు దాటాయి. ప్రతిసారీ ఎదురుగా ఒక ప్రత్యర్థి, పక్కన ఒక సహచరుడు, తేల్చుకోవాల్సిన ఒక నిర్ణయం ఉన్నాయి.

ఇలాంటి తేడాను నిజంగా కొలిచి చూసినవాళ్లున్నారు. 2000ల తొలినాళ్లలో మాంచెస్టర్ యునైటెడ్ అకాడమీలో చిన్నపిల్లల మ్యాచ్‌లపై ఒక అధ్యయనం జరిగింది. ఎనిమిది మంది జట్లతో పోలిస్తే నలుగురి జట్లతో ఆడినప్పుడు పాస్‌లు 135 శాతం, గోల్ ప్రయత్నాలు 260 శాతం, ఒకరితో ఒకరు తలపడే సందర్భాలు 225 శాతం ఎక్కువగా వచ్చాయి. మన దగ్గర పదేళ్ల పిల్లలను కూడా పెద్దల మైదానంలో పదకొండు మంది చొప్పున దింపే పోటీలు ఇంకా కనిపిస్తాయి. అక్కడ ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. బలంగా తన్నగలిగినవాడు బంతిని ముందుకు తంతాడు, వేగంగా పరుగెత్తగలిగినవాడు వెంటపడతాడు. మిగతా ఇరవై మంది చూస్తుంటారు.

బంతులు లేవా అంటే, ఆ కొరతా కొంత తగ్గింది. ఫిఫా ‘ఫుట్‌బాల్ ఫర్ స్కూల్స్’ పథకం కోసం 2022లో కేంద్ర విద్యాశాఖ, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఒప్పందం చేసుకున్నాయి. దేశవ్యాప్తంగా బడులకు దాదాపు 11 లక్షల బంతులు పంచాలన్నది అందులో భాగం. బంతి బడికి చేరడం ఒక మెట్టు. బీరువాలోంచి బయటికొచ్చి పిల్లల కాళ్ల మధ్యకు చేరడం రెండో మెట్టు. దాన్ని లెక్కించే ఏర్పాటు మాత్రం ఎక్కడా కనిపించదు.

రహీం సాబ్ కనిపెట్టిన నిబంధనలు

ఈ ఆలోచన విదేశాల నుంచే రావాల్సిన పని లేదు. డెబ్బై ఏళ్ల కిందట హైదరాబాద్‌లోనే ఒకరు దీన్ని అమల్లో పెట్టారు.

సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడి పంతులు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, దేశ జట్టుకు కోచ్. ఆయన శిక్షణలో సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దేశ జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయిన జట్టే, నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఆయన కథే.

పతకాల సంగతి చాలామందికి తెలుసు. అంతగా చెప్పుకోనిది ఆయన కుర్రాళ్లతో చేయించిన సాధన. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు రహీం పెట్టించేవారని భారత ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు నమోదు చేశారు. వాటి వెనక ఉన్న ఉపాయం చూడండి. డ్రిబ్లింగ్ కుదరదంటే బంతి రాకముందే ఎవరికి ఇవ్వాలో చూసుకోక తప్పదు. ఎడమకాలితోనే ఆడాలంటే ఆ కాలితో బంతిని ఆపడం నేర్చుకోక తప్పదు. కోచ్ పక్కన నిలబడి ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. నిబంధనే గురువవుతుంది.

ఇవాళ క్రీడా శాస్త్రంలో దీనికి ప్రత్యేకమైన పేర్లున్నాయి. ఆటలో ఒక పరిమితి పెట్టి, ఆ పరిమితి ద్వారానే నైపుణ్యం పుట్టించడం అన్నది ఇప్పుడు యూరప్ అకాడమీల్లో రోజువారీ పద్ధతి. బార్సిలోనా అకాడమీ పేరు చెప్పగానే గుర్తొచ్చే ‘రోండో’ కూడా అదే. కొందరు వలయంగా నిలబడి బంతిని ఒకటి రెండు స్పర్శల్లో తిప్పుతుంటే, మధ్యలో ఇద్దరు దాన్ని లాక్కోవడానికి ప్రయత్నిస్తారు. ఇందుకు కావాల్సింది ఒక బంతి, పది అడుగుల నేల.

రహీం 1963లో క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన పద్ధతిని ఒక పాఠ్యక్రమంగా రాసిపెట్టి, బడి బడికీ చేర్చే పని ఎవరూ చేయలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ తర్వాతి దశాబ్దాల్లో వెనకబడిపోయింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చి, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీ కూడా గెలిచింది. అయినా ఆ జట్టులో తెలుగు కుర్రాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. కింద వేళ్లూనుకోని చెట్టును పెళ్లగించి తీసుకుపోవడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

ఓడిపోయి నేర్చుకున్న దేశాలు

బెల్జియం 2000లో సొంతగడ్డపై జరిగిన యూరో కప్‌లో గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది. ఆ అవమానం తర్వాత సమాఖ్య సాంకేతిక బాధ్యుడు మిషెల్ సాబ్లోన్ ఆధ్వర్యంలో పిల్లల ఆటను తిరగరాశారు. విశ్వవిద్యాలయ పరిశోధకులతో దాదాపు 1,500 పిల్లల మ్యాచ్‌లను వీడియో తీయించి పరిశీలించారు. గెలుపు మీద యావ ఎక్కువై, నేర్పడం తక్కువైందని తేలింది. దాంతో చిన్నపిల్లలకు ఇద్దరితో ఇద్దరు, ఆపై ఐదుగురు, ఎనిమిది మంది, చివరికి పదకొండు మంది అన్న మెట్లు పెట్టారు. ఏడు, ఎనిమిదేళ్ల లోపు విభాగాల్లో పాయింట్ల పట్టికలే తీసేశారు. 2015 నవంబర్‌లో బెల్జియం ఫిఫా ర్యాంకింగ్స్‌లో మొదటి స్థానానికి చేరింది. 2018 ప్రపంచకప్‌లో మూడో స్థానం తెచ్చుకుంది.

జర్మనీ వరసగా 2018, 2022 ప్రపంచకప్‌ల గ్రూప్ దశలోనే ఓడాక ఇదే దారిలో నడిచింది. 2024-25 సీజన్ నుంచి అండర్-11 వరకు చిన్న జట్లు, చిన్న మైదానాల ఆట తప్పనిసరి చేసింది. బాగా చిన్నవాళ్లు ఇద్దరేసి, ముగ్గురేసి జట్లుగా నాలుగు బుల్లి గోల్‌పోస్టుల మధ్య ఆడతారు. బెంచ్ మీద కూర్చునే పిల్లలు ఉండకుండా మార్పులు వరసవారీగా జరుగుతాయి.

అక్కడ కూడా దీనిపై గొడవ జరిగింది. డార్ట్‌మండ్ క్లబ్ అధినేత హాన్స్-యోఆఖిమ్ వాట్స్‌కే దీన్ని బహిరంగంగానే విమర్శించారు. ఓటమి రుచి చూడని పిల్లలు పోటీతత్వం ఎక్కడ నేర్చుకుంటారన్నది ఆయన వాదన. అది తోసిపారేయాల్సిన మాట కాదు. కానీ చిన్న ఆటలో పోటీ తగ్గదు, రూపం మారుతుంది. నలుగురి జట్టులో ఏ పిల్లాడూ దాక్కోలేడు. బంతి పోగొట్టుకున్నది ఎవరో, గోల్ కొట్టిందెవరో పట్టిక లేకపోయినా పిల్లలకు తెలుసు. తీసేసింది పెద్దల ట్రోఫీని. పిల్లల పట్టుదలను కాదు.

మన మట్టిలోనే ఉన్న ఆధారాలు

మన దేశంలో ఆట నిలిచిన ప్రాంతాలు చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. ఉత్తర కేరళలో, ముఖ్యంగా మలప్పురం చుట్టుపక్కల, ఏడుగురి జట్లతో ఆడే ‘సెవెన్స్’ ఒక సీజన్ పండగ. కోతలయ్యాక పొలాల్లోనూ ఆడతారు. స్థలం తక్కువ, సమయం తక్కువ, జనం మీద మీదే ఉంటారు. బంతిని కాలి దగ్గర ఆపలేనివాడు అక్కడ నిలవలేడు. ఐ.ఎం. విజయన్ లాంటి ఆటగాళ్లు ఆ సెవెన్స్ మైదానాల్లోనూ ఆడినవాళ్లే. కోల్‌కతా బస్తీల్లో ‘పాడా’ ఫుట్‌బాల్‌ది కూడా ఇదే తీరు.

మిజోరం మరో అడుగు ముందుకేసింది. అక్కడి పిల్లల కోసం ‘నౌపాంగ్ లీగ్’ నడుస్తోంది. నౌపాంగ్ అంటే మిజో భాషలో పిల్లలు. టోర్నమెంట్ వచ్చినప్పుడు కాకుండా వారం వారం మ్యాచ్ ఉండడం దాని బలం. జనాభాలో మన ఒక జిల్లాకు కూడా సాటిరాని రాష్ట్రం అది. గోవాలో సింగపూర్‌పై భారత్ కొట్టిన ఆ ఒక్క గోల్ మిజోరం కుర్రాడు ఛాంగ్టేదే.

తెలుగు నేలపై అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ ఉంది. స్పెయిన్ లా లిగా ఫౌండేషన్ సహకారంతో అక్కడ ఫుట్‌బాల్ అకాడమీ, గ్రామీణ పిల్లలకు లీగ్ నడిచాయి. కరువు జిల్లాలో అమ్మాయిలూ అబ్బాయిలూ క్రమం తప్పకుండా మ్యాచ్‌లు ఆడే ఏర్పాటు సాధ్యమేనని అది చూపించింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి దేశానికి ఆడిన, క్రొయేషియాలో డినమో జాగ్రెబ్ మహిళా జట్టుకూ ఎంపికైన గుగులోతు సౌమ్య కథ కూడా అంతే ముఖ్యం. అయితే ఒక్కొక్కరుగా ఎదిగి రావడం వేరు, వరసగా తయారవడం వేరు.

అమ్మాయిల విషయంలో పొరుగు దేశం ఒక పాఠం చెబుతోంది. బంగ్లాదేశ్ 2011లో ప్రాథమిక పాఠశాలల బాలికలకు జాతీయ టోర్నమెంట్ మొదలుపెట్టింది. మయ్‌మెన్‌సింగ్ జిల్లాలోని కొల్సిందుర్ అనే పల్లె బడి నుంచి ఒకరి తర్వాత ఒకరు జాతీయ జట్టుకు చేరారు. బంగ్లా మహిళలు 2022లో, 2024లో దక్షిణాసియా ఛాంపియన్లయ్యారు. మన మహిళల జట్టు 2025 జులైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించడం గర్వించదగ్గదే. కానీ ఎనిమిదేళ్ల అమ్మాయికి బడి గ్రౌండ్‌లో చోటు దొరకడం చాలా ఊళ్లలో ఇంకా అబ్బాయిల దయ మీదే ఆధారపడి ఉంది.

మరి కుర్రాళ్ల జట్లు గెలుస్తున్నాయి కదా?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. 2025 నవంబర్ 30న అహ్మదాబాద్‌లో మన అండర్-17 జట్టు ఇరాన్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు చేరింది. 2018లోనూ అండర్-16 జట్టు ఆసియా క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్లింది. పునాదే లేకపోతే ఇవెలా సాధ్యం?

నెలల తరబడి ఒకేచోట శిబిరం పెట్టి, కట్టుదిట్టమైన రక్షణతో, ఫిట్‌నెస్‌తో ఆ వయసులో పెద్ద జట్లనూ నిలువరించవచ్చు. ఆ విజయాల విలువ తగ్గించాల్సిన పని లేదు. కానీ అదే పిల్లలు ఇరవై దాటాక తేడా బయటపడుతుంది. అప్పటికి అందరికీ బలం, వేగం వచ్చేస్తాయి. ఇరుకులో బంతి ఆపగలిగినవాడే మిగులుతాడు. పదిహేడు నుంచి ఇరవై ఒకటి మధ్య మన కుర్రాళ్లకు తగినన్ని మ్యాచ్‌లు లేకపోవడం ఇంకో పెద్ద లోటు. వాణిజ్య ఒప్పందం గడువు తీరి 2025-26 ఐఎస్ఎల్ సీజనే నెలల తరబడి మొదలుకాని పరిస్థితి ఆ లోటును ఇంకా పెంచింది. అంటే కుండకు రెండు చిల్లులున్నాయి, ఒకటి పన్నెండేళ్ల లోపు, రెండోది పదిహేడు తర్వాత. రెండోదాని గురించి రోజూ చర్చ జరుగుతోంది. మొదటిదాని గురించి మాట్లాడేవారు తక్కువ.

ఓడితే ఇంటికే

మొదటి చిల్లు పెద్దదవడానికి మన పోటీల తీరు కూడా కారణం. మండల, జిల్లా స్థాయి పోటీలు ఎక్కువగా నాకౌట్ పద్ధతిలో సాగుతాయి. పదహారు జట్ల నాకౌట్‌లో ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్‌తోనే ఇంటికి పోతాయి. పన్నెండు జట్లకు రెండుకు మించి మ్యాచ్‌లు దక్కవు. ఏడాదంతా సాధన చేసిన పిల్లాడికి గంటసేపు ఆట. అవే పదహారు జట్లను నాలుగు గ్రూపులు చేస్తే ప్రతి జట్టుకూ కనీసం మూడు మ్యాచ్‌లు వస్తాయి. మైదానాన్ని అడ్డంగా విడగొట్టి చిన్న జట్లతో ఆడిస్తే అదే రోజులో అవి పూర్తవుతాయి కూడా.

ఒక్క ఓటమితో అంతా అయిపోయే పోటీలో పీఈటీ ఏం చేస్తారు? ఎత్తుగా, బలంగా ఉన్న పిల్లలనే ఎంచుకుంటారు. పొట్టిగా ఉన్నా బంతి మీద పట్టున్న పిల్లాడు బయటే ఉండిపోతాడు. వయసు దాచి ఆడించే జబ్బుకు కూడా మూలం ఇక్కడే. ఎముకల వయసు పరీక్షలు పెట్టి కొందరిని పట్టుకోవచ్చు. కానీ పన్నెండేళ్ల పిల్లల ట్రోఫీకి అంత విలువ ఉన్నంతకాలం పద్నాలుగేళ్లవాణ్ని దింపాలన్న ఆశ పోదు. గెలిచిన కప్పు కన్నా ఆడించిన పిల్లల సంఖ్యకు గుర్తింపు ఇచ్చినప్పుడే అది తగ్గుతుంది.

ఏం చేయవచ్చు?

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2023 జనవరిలో ‘విజన్ 2047’ పత్రం విడుదల చేసింది. కోట్ల మంది పిల్లలకు ఆటను చేర్చి, 2047 నాటికి ఆసియాలో మొదటి నాలుగు దేశాల్లో ఒకటి కావాలన్నది లక్ష్యం. చిన్నపిల్లల కోసం ‘బ్లూ కబ్స్’ కార్యక్రమం ఉంది. అంతకుముందు ‘గోల్డెన్ బేబీ లీగ్స్’ వచ్చాయి. 2023 నవంబర్‌లో ఆర్సెన్ వెంగర్ వచ్చి భువనేశ్వర్‌లో ఫిఫా సహకారంతో అకాడమీ ప్రారంభించారు. పేర్లకు, పత్రాలకు లోటు లేదు. వాటికీ ఊరి బడి గ్రౌండ్‌కూ మధ్యే దారి తెగిపోయింది.

ఆ దారి వేయడానికి పెద్ద స్టేడియాలు అక్కర్లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు పదకొండు మంది జట్ల ఆటను అధికారిక పోటీల్లోంచి తీసేయడం రాష్ట్ర సంఘాలు, పాఠశాల క్రీడా సమాఖ్యలు ఒక ఉత్తర్వుతో చేయగల పని. నాకౌట్ బదులు గ్రూపులు పెట్టడం, ప్రతి పిల్లాడూ కనీసం సగం సమయం ఆడాలన్న నిబంధన పెట్టడం కూడా అంతే. చిన్నపిల్లలకు పెద్దల సైజు 5 బంతి కాకుండా, ఎనిమిదేళ్ల లోపువారికి 3, పన్నెండేళ్ల దాకా 4 సైజు కొనడం వల్ల అదనపు ఖర్చేమీ ఉండదు.

ఇక పీఈటీ చేతిలో ఉన్నవి. వరసలు రద్దు చేసి గుంపులు చేయడం. గోల్‌పోస్టులు లేకపోతే రెండు ఇటుకలు, రెండు చెప్పులు. వాలీబాల్ కోర్టు గీతలే చిన్న మైదానం. మొదటి పది నిమిషాలు వలయంలో బంతి తిప్పడం, మధ్యలో ఇద్దరు దొంగలు. తర్వాత నలుగురితో నలుగురు. ఒకరోజు రెండు స్పర్శలకు మించకూడదన్న నిబంధన, ఒకరోజు ఎడమకాలు మాత్రమే, ఇంకోరోజు గోల్ కొట్టే ముందు జట్టులో అందరూ బంతి తాకాలన్న షరతు. బంతి అందుకునే ముందు వెనక్కి చూశావా అని అడగడం. తప్పు చేసినప్పుడు కేకలు వేయకపోవడం. ఇరుకులో బంతిని ఆపడానికి ప్రయత్నించి పోగొట్టుకున్న పిల్లాణ్ని తిడితే, మరుసటిసారి వాడు దాన్ని ఆపడు, దూరంగా తన్నేస్తాడు. జాతీయ జట్టు తొంభై నిమిషాల పాటు చేసేది కూడా చాలాసార్లు అదే.

దీనికి ఫలితం వెంటనే రాదు. ఈ ఏడాది ఆరేళ్ల పిల్లలతో మొదలుపెడితే వాళ్లు జాతీయ జట్టు వయసుకు వచ్చేసరికి పదిహేనేళ్లు పడుతుంది. బెల్జియం సంస్కరణ మొదలైనప్పటి నుంచి మొదటి ర్యాంకు చేరేదాకా పట్టిన కాలమూ ఇంచుమించు అంతే. ఏ మంత్రి పదవీకాలానికీ, ఏ సమాఖ్య అధ్యక్షుడి గడువుకూ ఇది సరిపోదు. అందుకే ఇది ఎవరి ప్రచారంలోకీ రాదు.

కొలవాలనుకుంటే కొలమానం మాత్రం తేలికే. ర్యాంకింగ్ పట్టిక వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆటల పీరియడ్‌లో ఏదో ఒక పిల్లాణ్ని ఎంచుకుని, అరగంటలో వాడి కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెడితే చాలు. ఆ అంకె పద్దెనిమిది దగ్గరే ఆగినంత కాలం, ఎంత పేరున్న కోచ్‌ను తెచ్చినా ఢాకా ఫలితం మళ్లీ మళ్లీ ఎదురవుతూనే ఉంటుంది.